రిమార్కుల గడి

బులవాయో. జూలై నెలాఖరు, ఎముకలు కొరికే చలి.
కరెంటు పోయి మూడో గంట.
బ్యాంకు వెనక జనరేటర్ దగ్గుతోంది.
లోపల నేనూ, సర్వరూ,
ప్లాస్టిక్ కప్పులో చల్లారిన టీ.

నిల్వ అనే కాలమ్‌లో పదిహేను అంకెలకు చోటు,
చివరి రెండూ సెంట్లకు.
తొంభై ఆరులో ఎవరో కొలిచి కట్టిన గది.
పది లక్షల కోట్లకు ఒక్క సెంటు తక్కువ వరకూ పడుతుంది.
అంత డబ్బు ఈ దేశంలో ఎవడికుంటుందని
నవ్వుకునే ఉంటారు, టై సర్దుకుంటూ.

ఈ వారం పిండిమిల్లు ఖాతా ఆ అంచు తాకింది.
సోలలో పుట్టెడు పొయ్యమంటే
ఈ సోల పొంగదు, పగలదు,
ఎర్రటి అక్షరాల్లో ఒక్క మాటే అంటుంది: పట్టదు.
అబద్ధం చెప్పదు.
అందుకే దానంటే నాకు గౌరవం.

హరారే నుంచి ఫోన్లో రుంగానో, కొత్త కుర్రాడు:
"ఫ్లోట్‌కి మార్చెయ్ సిస్టర్, ఎంతైనా పడుతుంది."
పడుతుంది నాయనా.
వంద కోట్ల కోట్లకు ఒకటి కలిపి చూడు,
మళ్లీ వంద కోట్ల కోట్లే చూపిస్తుంది.
ఆ ఒకటి ఏదీ అని అడిగితే
ఏ ఒకటి? అంటుంది.
ఏనుగు కడుపు దానిది,
చీమ లోపలికి వెళ్లిందో లేదో దానికేం తెలుసు.

ఈలోగా పైనుంచి కాగితమే వచ్చేసింది.
పది సున్నాలు కొట్టెయ్యండి.
నిన్నటి వెయ్యి కోట్లు రేపటికి ఒక్క డాలర్.
నేను రాయాల్సింది ఒకే వరుస:
భాగించు, అక్కడే రాసెయ్, ఖాయం చెయ్.

ఖాయం చేసే ముందు
నకలు మీద నడిపి చూశాను.
పిండిమిల్లు హాయిగా ఇమిడింది, కాళ్లు చాపుకుని.
గుండు సున్నా అయినవాళ్లెందరని అడిగాను.
పదకొండు వేల రెండొందల అరవై.

అందులో తెలిసిన పేరొకటి.
జ్వెలిబాంజి మ్లోట్ష్వా.
రైల్వేలో ముప్పై ఒక్క ఏళ్లు సిగ్నల్ దీపం చూసినాయన.
ప్రతి ఒకటో తారీఖునా టోపీ చేతిలో పట్టుకుని వస్తాడు.
తియ్యడు, వెయ్యడు,
పాస్‌బుక్‌లో అచ్చు వేయించుకుని పోతాడు.
నాలుగు కోట్ల పదహారు లక్షల పన్నెండు వేల
మూడువందల ఏడు డాలర్ల నలభై ఐదు సెంట్లు.
ఇవాళ దాంతో రొట్టె కాదు కదా, రొట్టె వాసన కూడా రాదు.
అయినా అది అంకె. ప్రతి సెంటూ నిజం.

భాగిస్తే
సున్నా, చుక్క, సున్నా, సున్నా, నాలుగు...
నాలుగు దాకా కాలమ్ చూపు ఆనదు.
రెండు స్థానాల అవతల దానికి చీకటి.
దొంగతనం కాదిది. ఎవరి జేబులోకీ పోలేదు.
సవరించాం, అంతే.

పట్టిక కొసన రిమార్కులని ఒక గడి ఉంది,
రెండువందల అక్షరాలు,
ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ రాయలేదు.
పాత నిల్వలన్నీ అక్షరాలుగా మార్చి
ఒకే ఆజ్ఞతో అందులోకి తోశాను.
ఆయనది మాత్రం చేత్తో కొట్టాను.
ఎందుకని అడగకండి.
తర్వాత ఖాయం చేశాను. టీ పారబోశాను.

ఆగస్టు ఒకటి. టోపీ వచ్చింది.
ప్రింటర్ గరగరలాడింది.
పెద్దాయన గోటితో వరుస వెంట వెళ్లి
సున్నా దగ్గర ఆగి,
పక్క గడి దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాడు.

"ఇది కూడికకు వస్తుందా బిడ్డా?"
"రాదు. ఇక అది అంకె కాదు, రాత."
"తీసుకోవడానికి?"
"రాదు."

చాలాసేపు చూశాడు.
"నా దీపం కూడా ఏ రైలునీ లాగలేదులే" అన్నాడు,
"దారిలో ఏముందో చెప్పేది."
నలభై ఐదు సెంట్ల దగ్గర చిన్నగా తలాడించి,
సరిపోయిందన్నట్టు,
టోపీ పెట్టుకున్నాడు.

ఆరు నెలలకు మరో కాగితం.
ఈసారి పన్నెండు సున్నాలు.
మళ్లీ జనరేటర్, మళ్లీ టీ.
గడి తెరిచి చూశాను:
ఇంకా చాలా అక్షరాలకు చోటుంది.