కంటిన్యుటీ పుస్తకం

మా వార్డు టీవీలో పన్నెండున్నరకి
పాత సీరియల్ మళ్ళీ వేస్తున్నారు.
ఓడరేవు మీద బాంబు పడిన ఏప్రిల్,
ఊరు ఊరంతా మూటలు కట్టుకుని
విజయనగరం రోడ్డెక్కిన వారం.
తలుపు సందులోంచి చూస్తున్న పదేళ్ళ పిల్ల
నేనే.
ఇక్కడెవరికీ చెప్పలేదు.

షూటింగ్ భీమిలిలో.
కూలిన డచ్చి గోడకి సున్నం కొట్టి
ఇదే అప్పటి విశాఖపట్నం అన్నారు.
కేబుల్ తీగలకి తాటాకులు కప్పారు.
సముద్రాన్ని మాత్రం ఏమీ చెయ్యకుండా వదిలేశారు.
నాన్న షిప్‌యార్డుకి సెలవు పెట్టి
జ్ఞానాపురం నుంచి బస్సులో తీసుకెళ్ళేవాడు,
ఒళ్ళో ఉప్మా డబ్బా,
పక్కన రోజుకి ఆరువందల కూతురు.

"నిరాశ కావాలమ్మా" అన్నాడు డైరెక్టరు.
లెక్కల్లో తప్పితే వచ్చేదా అనడిగాను.
"పడవ వచ్చింది. నీ అన్న రాలేదు.
ఇంకెప్పుడూ రాడు. చూడు అటు."
నాకు అన్న లేడు.
లేని అన్న రాకపోతే ఏం చెయ్యాలో తెలీక
అలాగే నిలబడ్డాను.
కంటి కింద గ్లిజరిన్ రాశారు.
మండింది. ఏడ్చాను.
ఓకే అన్నారు.

అప్పలకొండ అని ఒకబ్బాయి
నీలం అట్ట పుస్తకంలో అన్నీ రాసుకునేవాడు:
పైడి. ఎడమ జడకే రిబ్బను.
కుడి చెంప మీద చుక్క, సగం దూరం.
మర్నాడు ఆ చుక్కని కొలిచి అక్కడే పెట్టేవారు.
రాత్రి ఇంట్లో నేనెంత నవ్వినా
పొద్దున్నే ఆ ఏడుపు
మేకప్ కుర్చీలో నాకంటే ముందొచ్చి కూచునేది.

మూడొందల ఎపిసోడ్లు.
తెరమీద అమ్మ పోయింది, మామ్మకి మతి పోయింది,
ఇల్లు వేలానికొచ్చింది.
పైడి మాత్రం పదేళ్ళ దగ్గరే.
ఒళ్ళు మాట వినలేదు.
లంగా అంచు విప్పి కుట్టారు, మళ్ళీ విప్పారు,
విప్పడానికి ఇంకేం మిగల్లేదు.
మామ్మని మించిపోయానని
"నిలబడకు, కూచునే చెప్పు" అన్నారు.

ఒక సోమవారం బస్సు దిగి వెళితే
నా రిబ్బను కట్టుకుని హైదరాబాదు అమ్మాయి,
ఇరవై ఏళ్ళది.
ఒక కెరటం వెనక్కెళ్ళింది, ముందుకొచ్చింది,
"పదేళ్ళ తర్వాత" అని అక్షరాలు పడ్డాయి.
అంతే, పైడి పెద్దదైపోయింది.
నేను కాలేదు.

తిరుగు బస్సులో నాన్న డబ్బా మూత తీశాడు.
తినమనలేదు. మూసేశాడు.
ఋషికొండ దాటాక
"సముద్రం బాగుంది కదా" అన్నాడు.
డైరెక్టరు అడిగింది అదేననుకుంటా.
ఏ చెంప మీదా చుక్క లేదు,
అప్పలకొండ ఉన్నా రాసుకోడానికేం లేదు.

కేజీహెచ్‌కి వచ్చి పదకొండేళ్ళు.
ఇక్కడది తలుపు సందులోంచి దూరంగా చూడదు.
చెప్పులు వెతుక్కుంటుంది.
ఆధార్ జెరాక్సు ఎక్కడ తీస్తారని అడుగుతుంది.
మంచం ఖాళీ అయ్యాక దుప్పటి మడతపెట్టి
"ఇది మీదేనా సిస్టర్" అంటుంది.
కేసు షీట్లో నాడికి, జ్వరానికి, మూత్రానికి గళ్ళున్నాయి.
దానికి లేదు.

పదకొండో మంచం పూడిమడక నూకాలు
టీవీ మీంచి కళ్ళు తియ్యదు.
"ఓలమ్మ, ఈ గుంట ఏటైపోనాదో.
తర్వాతొచ్చింది ఈ గుంట కాదు.
అందరూ అదే అన్నారు గానీ
నాను ఒప్పుకోనేదు."
సూది పట్టుకుని నరం కోసం వెతికాను.
మొదటిసారి దొరకలేదు.
"పెద్దదయిపోయుంటుంది మామ్మా."
నా మొహం కేసి చూసింది,
మళ్ళీ టీవీ కేసి.
"ఎక్కడున్నాదో మరి.
ఈయేళ అన్నం తిన్నాదో నేదో."

రెండోసారి దొరికింది.
దూది అదిమిపెట్టి,
"ఇంకా లేదు మామ్మా" అన్నాను,
"డ్యూటీ దిగాక."