సంబంధం గడి

నక్కలగుట్ట దవాఖానల
పదకొండేండ్ల సంది నాదొక్కటే పని.
పెద్దపేగు పరీక్షకొచ్చినోళ్లను
నీలిగీతల రిజిస్టర్ల ఎక్కించుడు.
పేరు. ఊరు. వయసు. వెంట వచ్చినవారు. సంబంధం.

మొదట్ల ఆ ఆఖరి గడి
చూడకుండనే నింపేదాన్ని.
కొడుకు. కోడలు. బిడ్డ. అల్లుడు. మళ్లా కొడుకు.
పరకాల నుంచొచ్చిన పెద్దమనిషి వెనుక
ఫైలు చంకల పెట్టుకొని కొడుకు నిలబడేటోడు,
నేను అడుగకముందే పెన్ను 'కొ' దిద్దేది.

ఎప్పటి సంది మారిందో చెప్పలేను.
గోడకు చెమ్మ ఎక్కినట్టు,
ఏ ఒక్కనాడో కాదు.
భార్య. అక్క. రూమ్మేటు.
నాయిన.
నాయిన.
అమ్మ.

"వయసు తప్పు చెప్తున్నవ్ తమ్మీ" అన్న ఓసారి.
ముప్పై ఒకటే అన్నడు. ఆధార్ తీసి చూపెట్టిండు.
కొయ్యడ సృజన్,
ఎనుమాముల యార్డుల మిర్చి కాంటా కాడ పని.
రెండు ఎండకాలాలు రక్తం పడ్డదట.
మొదలు మిర్చి ఘాటనుకున్నడు.
మొలలన్నడు ఆర్‌ఎంపీ.
మందుల షాపుల మలాం అంటగట్టిన్రు.
ముల్లంగి రసం తాగుమన్నది మేనత్త,
అదీ, కడుపుల మంట అని అబద్ధం చెప్తే.
సంబంధాలు చూస్తున్నరు మరి,
ఏ నోటితోని చెప్పాలె, ఎవలికి చెప్పాలె?
దగ్గొస్తే వాడంతా కషాయాలు చెప్తది.
ఈ ముచ్చట మాత్రం
గొళ్లెం పెట్టిన తలుపు అవతల్నే ఉంటది,
నీళ్లు పోస్తే పోతది.

మాలోతు సరితది నర్సంపేట దిక్కు తండా.
కాన్పైనంక రక్తం తక్కువున్నదన్నరు.
ఐరన్ గోలీలు మింగింది, బీట్రూటు తిన్నది,
బెల్లం పల్లీలు తిన్నది.
పిల్లకు మూడేండ్లు నిండినయి,
రక్తం నిండలె.
ఎక్కిచ్చేటోళ్లే గానీ
ఎటు పోతున్నదని అడిగినోళ్లు లేరు.

డాక్టరమ్మను అడిగిన,
ఏమైంది మేడం ఈ పిల్లలకు?
తిండా? నీళ్లా? కూసొని చేసే కొలువులా?
పేగులల్ల బతికే కంటికానరాని జీవాలా?
గ్లౌజులు విప్పుకుంట అన్నది:
"అన్నిటి మీద అనుమానమున్నది,
ఏదీ ఇంకా చేతికి చిక్కలె.
పెద్దోళ్లల్ల తగ్గుతున్న దేశాలల్ల గూడ
పడుచోళ్లల్ల పెరుగుతున్నదట.
అట్లని నీ రిజిస్టరే లోకమనుకోకు.
ఇప్పటికీ ఎక్కువమంది పెద్దోళ్లే."

నిజమే. సృజన్ కింద పేరుకు డెబ్బై రెండేండ్లు.
ఇంకా కింద, ఇరవై ఆరేండ్ల పోరడు,
ఉత్త మొలలే అని తేలితే
కాంటీన్ల అందరికీ చాయ తాపిండు.
అట్ల పోయేటోళ్లే ఎక్కువ.
ఆపరేషనై నాలుగు నెలలకే
సరిత బడికి పోయి పాఠం చెప్తున్నది.
తొందరగ వస్తే ఇట్లుంటదని
మేడం గోడమీద కాగితం అంటిచ్చింది.
తొందరగ అంటే ఎప్పుడో
ఆ కాగితం చెప్పదు.

సృజన్ ఆపరేషన్ రోజు
వాళ్ల నాయినకు కాగితం ఇచ్చిన.
షుగర్ మనిషి, దవాఖానలు అలవాటే.
అద్దాలు పెట్టుకోకుండనే
పేషెంటు అని ఉన్న కాడ
తన పేరు రాసిండు, ముత్యాలసొంటి అక్షరాలు.
నేను ఏమనలె.
తెల్లరంగు పూసిచ్చిన.
అది ఆరేదాక
నోటితోని ఊదుకుంట కూసున్నడు.

ఆ రాత్రి ఇంట్ల
కంచాల ముంగట అడిగేసిన తమ్మున్ని,
రెండుకు పోతే రక్తమేమన్న పడుతున్నదారా?
అన్నం కాడ గా ముచ్చటేందని అమ్మ కసిరింది.
తమ్ముడు నవ్విండు.
నవ్వి,
ముద్ద కలుపుడు ఆపిండు.