రెండువందల పదమూడో పేజీ

డండీలో వాన పైనుంచి పడదు,
టే నది మీదుగా అడ్డంగా వస్తుంది.
లైబ్రరీ నేలమాళిగలో నా బల్ల.
సూది, మైనం పట్టిన దారం, ఎముక బద్ద,
పులిసిన గంజిలా వాసనేసే జిగురు.
వెన్ను విరిగిన పుస్తకాలన్నీ చివరికి నా దగ్గరికే.

ఇది ఈ ఏడాది మూడోసారి రావడం.
అట్ట మీద రాగి దీపం, ఊదా పొగ,
పొగలో పదిహేడేళ్ల జీనీ పిల్ల.
పదిహేడని అట్ట వెనక రాశారు గానీ
లోపల తొమ్మిది వందలట.
మొదట్లో నవ్వుకున్నాను.
నేనెరిగిన సీసా భూతాలకు బోడిగుండు, పిలక,
చేతులు కట్టుకుని చిత్తం దొరా అనేవి.
ఈమె అనదు.
నీళ్లు కూడా తూచి అమ్మే సుల్తాను ఊళ్లో
దీపం దొంగిలించిన కుర్రాడితో
కళ్లు తెరిచీ తెరవగానే పోట్లాట:
"రుద్దే ముందు చెయ్యి కడుక్కోవా?"

టీ చల్లారిపోయింది.
రెండో కోరికగా వాడు ఆమె పేరడిగాడు.
బంగారం కాదు, గుర్రం కాదు, పేరు.
అక్కడెవరో పెన్సిల్‌తో గీత గీశారు,
పక్కన ఇంకొకరు: "వెధవ, కోరిక పాడుచేశాడు."
దాని కింద వేరే చేతిరాత:
"నీకెవరూ లేరా, పాపం."

రెండువందల పన్నెండో పేజీ చివర
కోట తలుపు విరుగుతోంది,
రొట్టెలు కాల్చేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మెట్లెక్కుతున్నారు,
వాడు దీపాన్ని రెండు చేతులా పట్టుకుని
"నా మూడో కోరిక" అంటాడు.
తర్వాత రెండువందల పదిహేను.
తెల్లారింది. సుల్తాను లేడు. దీపం సొట్టపోయి ఉంది.
మధ్య ఆకు ఎవరో చించుకుపోయారు,
కత్తితో కాదు, వేళ్లతో, నెమ్మదిగా,
కుట్టులో ఒక్క పోగు తెగకుండా.

పారెయ్యమని పైనుంచి చీటీ.
ఇలాంటి చీటీలకు బాగానే తలూపుతాను,
పద్దెనిమిదేళ్లుగా అదే నా ఉద్యోగం.
ఆ పూట ఎందుకో పైడమ్మత్త గుర్తొచ్చింది.
నెల్లిమర్ల మిల్లులో జనపనార దువ్వేది.
ఈ ఊళ్లోనూ ఒకప్పుడు ఆ మిల్లులేనని
ఇక్కడికొచ్చాకే నాకు తెలిసింది.
లాకౌట్ నాడు గేటు ముందు
దండం పెట్టి అడుగుదామన్న వాళ్లతో అంది:
"అడుక్కుంటే వొచ్చీది కూలి కాదర్రా, బిచ్చం."
ఆ చేత్తో తల నిమిరితే
నా జుట్టు చిక్కుకునేది, అంత గరుకు.

ఆకు కొలిచి తెల్లకాగితం కోశాను.
అంచుకి సన్నగా జిగురు రాసి వెన్నులోకి దింపాను.
ఏమీ రాయలేదు.
పెన్సిల్ ముక్కొకటి అట్టజేబులో పెట్టి
పైకి పంపేశాను.

ఏప్రిల్‌లో తిరిగొచ్చింది.
రూరీ, వయసు పదమూడని తనే రాసుకున్నాడు,
ముద్దు పెట్టించాడు. రెండే లైన్లు.
సిగ్గేసిందేమో, వెంటనే డ్రాగన్ని దించాడు.
ఐలీ వాళ్లిద్దర్నీ ఓడెక్కించింది.
ఎవరో "ఆకలేస్తోంది" అని మాత్రం రాశారు.
అడుగున, చోటు చాలక కాగితం నిలువుగా తిప్పి, సుమయ్య:
"నీకు విడుదల కావాలని కోరుకుంటున్నా, అనబోతాడు.
ఆమె వాడి నోటికి చెయ్యి అడ్డం పెడుతుంది.
నువ్విస్తే, ఇన్నాళ్లూ అది నీ జేబులో ఉన్నట్టే కదా.
తనే దీపాన్ని రాయికేసి కొడుతుంది.
తర్వాత ముద్దు. రూరీ రాసిందే ఉంచండి.
డ్రాగన్ వద్దు."

సొట్ట ఎలా పడిందో
అప్పుడర్థమైంది నాకు.

జూన్‌లో, పుస్తకాలు తిరిగిచ్చే పెట్టెలో ఓ కవరు.
పేరు లేదు. లోపల ఎనిమిది మడతల ఆకు,
మడతల దగ్గర పాతగుడ్డలా మెత్తబడి,
ఎన్ని రాత్రులు ఎవరి దిండు కింద పడుకుందో.
మూలన అంకె కనబడింది, 213.
విప్పలేదు.
విప్పాలని లేక కాదు.
నారింజ మార్మలేడ్ అయిపోయిన సీసాలో వేసి
మూత పెట్టాను గానీ
బిగించలేదు.

సుమయ్య పక్కన చోటైపోయిందట.
ఇంకో ఆకు కోస్తున్నాను.