తొప్పి మీది తడిరవ్వ

మండపేటలో రైసుమిల్లు పక్క మేడ మీద
గోడలకి కొబ్బరిపీచు పరుపులు కొట్టిన గది.
దాన్నే స్టూడియో అంటారు.
మాణిక్యాంబ గారు మొదటిరోజు
నన్ను కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు.
"ముందు ఆ మిల్లు ఏ శ్రుతిలో మోగుతోందో చెప్పు" అన్నారు.

నేను ఊరేగింపుల్లో డీజే బాక్సులు మోసినవాణ్ణండి.
నాకు తెలిసిన శ్రుతి ఒక్కటే:
కిటికీ అద్దాలు అదరాలి.

మూడు రోజులు పట్టింది.
నాలుగో రోజు చొక్కా మీది ఊక దులుపుకుంటూ మెట్లెక్కి
ఆ మోతని కూనిరాగంలా ఆవిడ ముందు పెట్టాను.
ఫిడేలు తీగ మీటి, పిసరంత బిగించి,
"ఆఁ. ఇంక కూర్చో ప్రభుదాసూ."

పదహారు ట్రాకులు పేర్చిన పాట తెస్తే
వినకుండానే అడిగారు:
"మోహనలో మధ్యమం లేదు, నిషాదమూ లేదు.
ఇన్నేళ్లలో ఎవరైనా లోటని అడిగారా?"
ఆ రాత్రి తొమ్మిది ట్రాకులు తీసేశాను.
కీబోర్డు దగ్గర మాత్రం చెయ్యి రాలేదు.
అప్పు చేసి కొన్నదది.

పాడే పిల్ల గొంతు వణికిందని
స్కేలు పెట్టి గీసినట్టు సాపు చేశాను ఒకసారి.
ఆవిడ తెర మీదకి వంగి, కళ్లజోడు తుడుచుకుని
"తోడి గాంధారాన్ని ఇస్త్రీ చేశావురా" అన్నారు.
తిట్టినట్టు కాదు.
ఎవరో పోయారని కబురొచ్చినట్టు.
ఆ ఆదివారం కోటిపల్లి రేవులో
కట్టేసిన నాటుపడవని గంటసేపు చూశాను.
కట్టే ఉంది. ఒక్కచోట లేదు.

కరెంటు పోయిన పూట తొడ మీద తాళం వేసేవారు.
పల్లవి సమం మీద కాదు, అర అక్షరం దాటి ఎత్తుకుంటుంది.
"ఆ అర అక్షరంలో ఏముంది?"
ఖాళీ అండి, అన్నాను.
మళ్లీ వేశారు. మళ్లీ ఖాళీ అన్నాను.
కరెంటొచ్చేదాకా ఇదే వరస.
జవాబు ఇప్పటికీ చెప్పలేదు.

బాస్ చాలట్లేదని నేను మీటలు తిప్పుతుంటే
మృదంగం జోగారావు గారు బొంబాయి రవ్వ తడిపి
తొప్పికి ముద్దగా అద్దారు.
వాయించి, గోరంత గిల్లి తీసి, మళ్లీ వాయించి.
"వేలు పెట్టి చూడు," అన్నారావిడ.
చల్లగా ఉంది.
రికార్డింగ్ అయ్యాక ఆ ముద్ద గీకి పిట్టగోడ మీద పెడితే
కాకి తినేసి పోయింది.
బాస్‌ని కాకి తినడం అదే మొదలు చూడటం.

నిన్న రాత్రి ద్రాక్షారామం రోడ్డు మీద ఊరేగింపు.
బాక్సుల దగ్గర మా తమ్ముడు.
నేనే వెళ్లి ఒక్క మీట కిందికి జరిపాను.
"సౌండేదిరా!" అని ఎవరో అరిచారు.
అద్దాలు అదరలేదు.
ఓ మేడ మీద, మూసున్న కిటికీ
ఎవరో తెరిచారు.