తాడు తీశావా

పౌర్ణమికి అటు మూడు రోజులూ ఇటు మూడు రోజులూ
బంతాయన్ దీవిలో దీపాల వేట ఉండదు.
నీళ్ల నిండా అంత వెన్నెల పడి ఉంటే
మన లాంతరు మొహం ఏ చేప చూస్తుంది?
అందుకే ఇంజన్లన్నీ ఆ వారమే జబ్బు పడతాయి
అంటుంది తెయోపిస్తా అక్క.

క్రిసాంటో పడవది ఒంటి సిలిండరు.
రెండు నెలలుగా దగ్గుతోంది,
సరిగ్గా ఒడ్డు కనిపించాక ఊపిరి వదిలేస్తోంది.
కవరు విప్పింది, రాకర్లు తీసింది,
పుష్‌రాడ్లు రెండూ పచ్చి బొప్పాయికి గుచ్చి పెట్టింది
ఎడమది ఎడమ, కుడిది కుడి, తారుమారు కాకుండా.
"తాడు పట్రా" అంది.

నాకప్పుడు పద్నాలుగు.
ఇంజనుకి తాడేమిటని గొణుక్కుంటూ
చిన్న లంగరుది విప్పి తెచ్చాను.
ప్లగ్గు తీసిన బెజ్జంలోంచి
బెత్తెడు బెత్తెడుగా లోపలికి పంపింది,
పాము తనంతట తనే పుట్టలోకి పోతున్నట్టు.
మిగతాది బయటే ఉంచి, ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పింది.
పిస్టన్ పైకొచ్చి తాడుని నొక్కింది,
తాడు వెళ్లి వాల్వుని నొక్కింది,
అక్కడ ఆగింది.
"ఇక ఇది లోపల పడదు.
కింద నుంచి పట్టుకునేది ఒకటుంటే
పైనుంచి ఎంత అణిచినా ఫర్వాలేదు."
ఇంజను గురించే అంది.
ఆమె ఇంకో దేని గురించీ మాట్లాడే మనిషి కాదు.

సాకెట్ ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ.
నూనె మడ్డికి అతుక్కుపోయిన టోపీ కదిలింది.
ఇనప పట్టీతో స్ప్రింగుని తొక్కిపట్టి
"తియ్యి" అంది పళ్ల బిగువున.
తీశాను. రెండు అర్ధచంద్రాలు,
కందిపప్పు బద్దలంత.
ఇంత బలాన్నీ పట్టుకున్నవి ఇవేనా!

పాత స్ప్రింగునీ కొత్తదాన్నీ
అద్దం ముక్క మీద పక్కపక్కన నిలబెట్టింది.
పాతది వడ్లగింజంత పొట్టి.
ఆ వడ్లగింజంత అలసటకే
క్రిసాంటో రెండుసార్లు తెల్లవార్లూ తెడ్డు వేశాడు.

బిగించడం నా వంతు.
రబ్బరు సీలు, స్ప్రింగు, టోపీ.
గ్రీజు రాసిన వేలి కొనకి ఒక బద్ద అంటించి
కాడ గాడిలోకి జార్చాను. కూర్చుంది.
రెండోదానికి మణికట్టు వణికింది.

టింగ్.

తిట్టలేదు.
చిరిగిన దోమతెర ముక్కొకటి నా మీదికి విసిరి
"జల్లించు" అంది.
పాక కింద ఇసుకంతా, దోసిలి తర్వాత దోసిలి.
పొద్దువాలేసరికి దొరికినవి:
గొడుగు చువ్వ, ఒంటి చెవికమ్మ,
ఎవరిదో పాలపన్ను,
మూడు అర్ధచంద్రాలు.
మూడూ తుప్పు పట్టినవే.
నాది లేదు.

వాటిని అరచేతిలో పోసుకుని దీపం దగ్గరికి వెళ్లింది.
"ఇది నేనే పారేశాను, పెద్ద తుఫాను ముందటేడు.
ఇది మా నాన్నది. ఆ రోజు సుత్తి సముద్రంలోకి విసిరాడు,
మళ్లీ ఆయనే మునిగి తెచ్చుకున్నాడు."
మూడోది చూసి ఏమీ అనలేదు.
కిరసనాయిల్లో వేసి, గరుకు కాగితంతో రుద్ది,
ఒక్కోటీ నా బద్దకి జతచేసి చూసింది.
వాళ్ల నాన్నది సరిపోయింది.

"పాతదీ కొత్తదీ కలిసి పట్టుకుంటాయా?"
"రేపటి లాంచీలో కొత్త జత తెప్పిస్తా.
అందాకా పట్టుకోమను."

ఈసారి ఊపిరి బిగబట్టి పెట్టాను.
పట్టీ వదిలింది, టోపీ పైకొచ్చి బద్దల్ని కరుచుకుంది.
కొయ్య సుత్తితో రెండు దెబ్బలు, ఎగరలేదు.
బొప్పాయిలోంచి పుష్‌రాడ్లు పీకి, తుడిచి,
రాకర్లు ఎక్కించి, క్యాలెండరు ముక్క దూర్చి సందు చూసుకుని,
ఏదో గెలిచినవాడిలా
రెండు చేతులతో ఫ్లైవీల్ పట్టుకున్నాను.

ఆమె అన్నం గిన్నె ముందు కూర్చుని ఉంది, వీపు నా వైపు.

"తాడు తీశావా?"

తియ్యలేదు.