కొమ్ము

కాజీపేట గార్డు రెజినాల్డ్
బదిలీ మీద పోతూ
పెయింటర్ కొంరెల్లికి ఇచ్చిండు
ఆరు రికార్డుల అట్టలు.
లోపల పళ్లేలు లేవు.

అట్ట నిండా నీలం.
ఒక మూలకు సగం మొహం, పొగ,
బాకా అంచున గోరంత వెలుతురు.
అక్షరాలు మాత్రం
కల్లు తాగి మెట్లు దిగుతున్నట్టు.

"తప్పు రాసిండ్రు" అన్న, బ్రష్షులు కడుక్కుంట.
"ఆ ఖాళీ జాగ చూడు పోరడా,
ఊదేటోడు అక్కడ్నే ఊపిరి తీస్కుంటడు."

మట్టెవాడ యాకూబ్ బ్యాండు బోర్డుకు
ఆసారి నెమళ్లు లేవు, గులాబీలు లేవు.
నీలం మీద నల్లగ ఒక క్లారినెట్,
'కూ'కు పెట్టిన కొమ్ము
నిజంగనే కొమ్మై
రేకు దాటి గోడ మీదికి పాకింది.

యాకూబ్ సగం పైసలే ఇచ్చిండు.
"సగం బోర్డు ఉత్తగనే ఉంచినవ్ గద!"

ఆ రాత్రి బరాత్‌ల, బోర్డు కిందికొచ్చినంక
క్లారినెట్ ఓదేలు మీదికి చూసిండు,
పాట నడుమ ఆగిండు.
డోలు ఒక్కటే నడిచింది నాలుగడుగులు.
గుర్రం మీది పిలగాడు కూడ వెనక్కి తిరిగిండు.

ఇప్పుడు హన్మకొండ చౌరస్తాల ఫ్లెక్సీలు కొడుత.
ఖాళీ జాగకు ఎవరూ పైసలియ్యరు.
ఎండిన నీలం డబ్బా మూత
స్క్రూడ్రైవర్‌కు గూడ లొంగుతలేదు.