గుంట

మేదా ఊళ్ళో రైలుకట్ట పక్కన, వర్క్‌షాపులో
ఎర్సీలియా సోఫా పొట్ట విప్పింది.
డెబ్బై ఒకటో సంవత్సరపు సరుకు.
టమాటా ఎరుపు, కాళ్ళు లేవు, వీపు లేదు,
అలిగి నేలమీద బోర్లాపడ్డ పిల్లాడిలా ఒక ముద్ద.

లోపల స్పాంజి లేదు.
స్పాంజి ఉండిన చోట
బొంబాయి రవ్వలాంటి పసుప్పచ్చ పొడి,
తుమ్మితే మిలాన్ దాకా పోయేట్టు.
కర్ర పుచ్చుతుంది, తోలు చీలుతుంది,
దీనికి మాత్రం చావు లేదన్నారట అప్పట్లో.

గీసినవాళ్ళు పాతికేళ్ళ కుర్రాళ్ళు.
గడ్డాలు, అరువు సిగరెట్లు.
నిటారుగా కూర్చున్నావంటే
సగం దండం పెట్టేసినట్టేనని వాళ్ళ వాదన.
అందుకే వీపు తీసేశారు.
ఫ్యాక్టరీ కూలీ, ఫ్యాక్టరీ యజమానీ
ఒకేలా జారిపడి, మోకాళ్ళు గడ్డానికి తగిలి
లేవలేక నవ్వుకోవాలని.

కొన్నది యజమానులే.
గుడ్డ తొడిగిన బాల్దో, ఎర్సీలియా తండ్రి,
మీటరుకింత అని లెక్క కట్టించుకుని
ఒక్కసారైనా అందులో కూర్చోకుండా
ఇంటికొచ్చి గడ్డి అల్లిన కుర్చీలో
నిటారుగా సూప్ తాగేవాడు.

ఇప్పటి సొంతదారు జ్యూరిక్ నుంచి ఫోన్ చేశాడు:
స్పాంజి కొత్తది వెయ్యండి,
గుంట మాత్రం పాతదే కావాలి.
వేలంపాట పుస్తకంలో ఫోటో ఉంది చూడండి,
ఎడమ పక్క, కాస్త లోతుగా,
ఎవరో ఏళ్ళ తరబడి కూర్చున్న గుంట.
నేను డబ్బిచ్చింది దానికే.

గుంటని కుట్టడం ఏ సూదికొచ్చు?
ఇసుక మూటలు పెట్టి చూసింది.
తియ్యగానే స్పాంజి
టీచరొచ్చిన క్లాసులా లేచి నిలబడింది.
చివరికి బిల్లులో ఒక వరస చేర్చింది:
కూర్చున్నందుకు, గంటకింత.

నలభై రోజులు, అన్నాల వేళ,
పొలెంతా గిన్నె ఒళ్ళో పెట్టుకుని
ఎడమ పక్కనే కూర్చుంది.
మొదట్లో బిగుసుకుని. తర్వాత చెప్పులు విప్పి.
ఒకరోజు, పోయిన తండ్రి మీద
ఎక్కడలేని కోపమొచ్చి
అక్కడే ముడుచుకుని సాయంత్రం దాకా నిద్రపోయింది.
ఆ గంటలు బిల్లులో రాయలేదు.

గుంట పడింది.
ఫోటోలో దానికన్నా ఒక వేలు వెడల్పు.
ఎవరూ కొలవలేదు.

ఇప్పుడది జ్యూరిక్‌లో, తెల్లగోడల గదిలో,
చుట్టూ ఇత్తడి కడ్డీలు, మెత్తటి తాడు,
కూర్చోరాదని నాలుగు భాషల్లో.
అతిథులు వంగి చూసి గొంతు తగ్గిస్తారు.
ఎవరై ఉంటారో, ఆ రోజుల్లో,
అంత హాయిగా.